మా అత్త బండి ఏం తాగుతుందో తెలియనివాళ్లు

మా మేనత్త పోయిన సంగతి నాకు ఫోన్లో తెలిసింది. ఎవరూ గొంతు విప్పి చెప్పలేదు. బంధువుల గ్రూపులో ఒక బొమ్మ వచ్చింది. పైన దీపం, కింద తామరపువ్వు, మధ్యలో ఎవరిదో పెళ్లి ఫోటో నుంచి కత్తిరించిన అత్త ముఖం. శాంతమూర్తి, సహనశీలి, శివసాయుజ్యం పొందారు అని రాసి ఉంది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు ఒళ్లు మండింది. బతికినన్నాళ్లూ మగరాయుడు, నోటి దురుసుది, మొండిది అన్న నోళ్లే కదా ఇవి? ఆమె దగ్గర ఆఖరుకు మిగిలింది కోపం ఒక్కటే. పోయాక దాన్ని కూడా లాక్కోవాలా?

మా అత్తకు కోపం ఉండేది. చాలా ఉండేది. మా పల్లె మామిడికాయలు ఏళ్ల తరబడి మండీకి చేరింది ఆ కోపం వల్లే. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది పాకాల పక్క పల్లె. అత్తను ఇచ్చింది కూడా ఊళ్లోనే. పిల్లలు లేరు. మామ పోతూ ఆమెకు వదిలిపోయింది ఒక పాత పెట్రోలు జీపు. దాని వెనక భాగం కోయించి, తొట్టి కట్టించి, పికప్పు చేసుకున్నాడాయన. ఆయన తర్వాత తోలడానికి వచ్చిన ఒక్క డ్రైవరూ నికరంగా నిలవకపోతే అత్తే స్టీరింగు పట్టుకుంది. ఖాళీ బండి బాగానే పోయేది. కాయల క్రేట్లు నింపితే మాత్రం ఊరి బయట కల్వర్టు దాటాక వచ్చే ఎత్తు మీద ఆగిపోయేది. తొట్టిలో కూర్చున్న కోత కూలీ ఆడవాళ్లు దిగి తోసేవాళ్లు. భాకరాపేట ఘాటు రోడ్డు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. పెట్రోలేమో తాగుబోతులా తాగేది.

ఇంజను మార్పిస్తానని అత్త అన్న రోజు మా ఇంట్లో పెద్ద రభస జరిగింది. బావ నడిపిన బండి, ఉంచుకుంటే అలాగే ఉంచుకో, లేదంటే అమ్ముకో, కడుపులోంచి ఇంజను పీకేయడమేమిటని మా నాయన ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. అత్త వక్కాకు నములుతూ అంతా విన్నది.

"అనా, ఆయన పోయినాడు. బండి గూడా పోవల్లనా?" అన్నది.

నాయన కండువా దులుపుకుని లోపలికి పోయాడు. బయటికొచ్చాక అత్త నాతో, "మీ నాయనది పెట్రోలు కోపం పాపా. భగ్గుమంటాది, ఆరిపోతాది. దాంతో బరువు లాగలేం" అన్నది.

చిత్తూరులో తెలిసిన మేస్త్రీ ఒకాయన ఆ పని ఒప్పుకున్నాడు. ప్రమాదంలో నుజ్జయిన ఇంకో జీపు నుంచి డీజిలు ఇంజను తెచ్చాడు. పాత ఇంజనును గొలుసు కప్పీతో పైకెత్తుతుంటే అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని దగ్గరికి పోతే, గ్రీజు కంపు అన్నది. నేను నమ్మలేదు. కొత్తది బరువెక్కువ. అది కూర్చోవడానికి పాత దిమ్మలు కోసి వేరేచోట వెల్డింగు పెట్టారు, ముందు స్ప్రింగులకు ఇంకో పట్టీ చేర్చారు. డీజిలు ఇంజను తను కాల్చగా మిగిలింది ట్యాంకుకు తిప్పి పంపుతుందట, దానికని ఇంకో పైపు వేశారు. అత్తకు అది భలే నచ్చింది.

"మిగిలింది తిరిగి ఇచ్చేస్తాది సూడు. మన సుట్టాల కంటే నయం."

ఒక్క విషయంలో మాత్రం ఆమె మేస్త్రీ మాట వినలేదు. ట్యాంకు మూత మీద మామ ఎర్ర రంగుతో పెట్రోల్ అని తన చేత్తో రాసుకున్నాడు. అది చెరిపి డీజిల్ అని రాస్తానన్నాడు మేస్త్రీ. చూడక ఎవరైనా పెట్రోలు పోస్తే ఎలాగని పదేపదే చెప్పాడు.

"ఆయన అచ్చరాలు ఉండనీ. నా బండి ఏం తాగుతాదో తెలీనోడు దాని తాళం ఎట్ల ముట్టుకుంటాడు?" అన్నది అత్త.

బండి పుస్తకంలో ఇంజను మార్పు ఎక్కించడానికి రవాణా ఆఫీసుకు పోతే అక్కడి గుమస్తా, మీ ఇంటాయన్ని పంపించమ్మా అన్నాడట. ఆయన ఉండే చోటికి నువ్వే పోవల్ల నాయనా, పోతావా అని అడిగిందట అత్త. ఆ మాట చిత్తూరు దాకా పాకింది. దాన్ని కథలాగా చెప్పుకుని నవ్వినవాళ్లే ఇప్పుడు సహనశీలి అంటున్నారు.

ఆ డీజిలు ఇంజనుకు పొద్దున్నే ఒక మర్యాద చెయ్యాలి. తాళం సగం తిప్పి కాసేపు పట్టుకుంటే లోపల హీటరు వేడెక్కుతుంది. అప్పుడు పూర్తిగా తిప్పితే అంటుకుంటుంది. తొందరపడితే గురగురమని ఆగిపోతుంది. కోత సెలవుల్లో నేను పక్క సీట్లో కూర్చుని, ఇంకెంతసేపు అత్తా అని విసుక్కునేదాన్ని. ఆమె వక్కాకు నములుతూ తాళం అలాగే పట్టుకునేది. తర్వాత ఒక్క తిప్పుతో బండి ఊరంతా లేచేలా దడదడమనేది. ఆ చప్పుడు వినే కూలీలు సద్దిగిన్నెలు సర్దుకునేవాళ్లు.

ఒక ఏడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు ముందు పెద్ద రైతుల ట్రాక్టర్లను లోపలికి వదులుతూ, మా బోటి చిన్నవాళ్ల కాయను ఎండలో నిలబెట్టేశారు. కాయ కారడం మొదలైంది. అత్త పికప్పును గేటుకు అడ్డంగా పెట్టి, ఇంజను ఆపి, తాళం కొంగున ముడేసుకుని తొట్టి మీద కూర్చుంది. ఎవరెవరో వచ్చి బెదిరించారు, బతిమాలారు. సాయంత్రానికి మా ఊరి కాయ అంతా లోపలికి పోయింది. ఆ రోజు ఆమె శాంతంగా ఉండి ఉంటే మా ఇంట్లో ఆ ఏడు పొయ్యి ఎలా వెలిగేదో నాకు తెలియదు.

అత్త కోరిక ఒక్కటే, అది ఊరందరికీ తెలుసు. నన్ను నా బండిలోనే పంపించండి, పాటలు పెట్టుకొచ్చే ఆ శవాల రథం బండి ఎక్కించినారంటే లేచొచ్చి తంతానని చెప్పేది.

నేను పోయేసరికి శవానికి ఇంకా స్నానం కూడా కాలేదు. అత్త మరిది కొడుకు అప్పటికే దిండు కింద తాళం తీసుకున్నాడు. తలకొరివి పెట్టేది తనే కాబట్టి బండి తనదేనట. ముందు ఆమె పయనం కానీలే అని పళ్లు బిగబట్టుకున్నాను. పూలు తెస్తానని బండి వేసుకుపోయినవాడు, దారిలో బంకు కనబడితే ట్యాంకు నింపించాడు. మూత మీద ఏం రాసి ఉందో అదే పోయించాడు. ఇన్నేళ్లుగా వాళ్ల తోట కాయను మోసిన బండి అది. దాని చప్పుడు విన్నా చాలదా?

అత్తను ఎక్కించాం. బండి దగ్గుతూ, తడబడుతూ వీధి దాటింది. కల్వర్టు దాటాక ఎత్తు మీద, మామ ఇంజను ఆగే చోటే ఆగిపోయింది. చివరి చూపుకు చిత్తూరు నుంచి వచ్చిన మేస్త్రీ ట్యాంకు మూత తీసి వాసన చూసి తల పట్టుకున్నాడు.

"పెట్రోలనే కదా రాసుండేది! ముసిల్దే చెరిపించి ఉండల్ల" అన్నాడు మరిది కొడుకు.

ఆమె అక్కడే, వాడి వెనకే పడుకుని ఉంది. అత్త మీద కూడా నాకు కోపం వచ్చింది. ఆ మూడు అక్షరాల మీద పెట్టుకున్న ప్రేమతో ఇలాంటివాడు నోరెత్తడానికి సందిచ్చి పోయినందుకు.

మగవాళ్లు రథం బండికి ఫోన్లు మొదలుపెట్టారు. మా పక్క శవం వెంట ఆడవాళ్లు కల్వర్టు దాటి రారు, అక్కడే నిలబడి ఏడ్చి వెనక్కి మళ్లుతారు. ఆ నిలబడిన వాళ్లలోంచి అత్త కూలీల్లో పెద్దామె కొంగు బిగించి ముందుకొచ్చింది.

"మాకు ఈ ఎత్తు కొత్తగాదు. పక్కకు జరగండప్పా."

ఆడవాళ్లు దాటకూడదని ఎవరో పెద్దాయన అన్నాడు. ఎవరూ తల తిప్పలేదు. మరిది కొడుకు చేతిలోంచి మేస్త్రీ తాళం గుంజుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. మేం తోశాం. నేనూ తోశాను. ఇనప తొట్టి ఎండకు కాలుతోంది, పైనుంచి బంతిపూలు మా తలల మీద రాలుతున్నాయి. ఏడుస్తూనే తిట్టుకుంటూ, తిట్టుకుంటూనే తోస్తూ, కాటిదాకా ఆమెను ఆమె బండిలోనే తీసుకుపోయాం.

తర్వాత మేస్త్రీ ట్యాంకు కడిగి, పైపుల్లో గాలి తీసి, ఇంజనును బాగుచేసి ఇచ్చిపోయాడు. బండి ఇప్పుడు మరిది కొడుకు వాకిట్లో ఉంది. రోజూ పొద్దున్నే ఎక్కి తాళం గిరుక్కున తిప్పుతాడట. గురగురమని ఆగిపోతుందట. ముసలిదాని బండి కదా, దానికీ పొగరేనని దాన్ని తిడతాడట. హీటరు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పను.

అత్త అయితే తాళం సగం తిప్పి పట్టుకుని, బుగ్గన వక్కాకు పెట్టుకుని, ఎదురుగా ఉన్న ఎత్తును కోపంగా చూస్తూ కూర్చునేది.