రోకలి బొమ్మ సంచి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఆత్మకూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మా మేనత్త పోయింది. చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కూర్చున్నచోటే కన్నుమూసిందట. ఎవరి చేతా చేయించుకోకుండా పోవాలనేది, అట్లాగే పోయింది. ఏడుస్తూనే కొంత నెమ్మదించాను.

మీలో ఎవరైనా ఆమె కారప్పొడి కొని ఉంటే ఆ సంచి గుర్తుండే ఉంటుంది. తెల్ల గుడ్డ సంచి, దాని మీద ఎర్రటి రోకలి బొమ్మ. తెలంగాణ వచ్చిన ఏడాది వడ్లాయనతో చెక్క మీద ఆ బొమ్మ అచ్చు చెక్కించుకుంది. కారం పోసి, సంచి మూతి రెండు మడతలు మడిచి దారంతో కట్టేది. కొన్నవాళ్లు అక్కడే విప్పి వాసన చూడాలి, తుమ్మాలి. "తుమ్మినవా? ఇగ తీస్కపో" అనేది. తుమ్మనివాళ్లను కదలనిచ్చేది కాదు, అంత మొండిది.

కొన్నేళ్లకు పక్క ఊరి వ్యాపారి ఒకతను అదే రోకలి బొమ్మతో కారం అమ్మడం మొదలుపెట్టాడు. పైగా బొమ్మ తనదేనని, అత్తను మానుకోమని కబురు పంపాడు. ఆమె పేరు మీద రిజిస్టర్ చేయిద్దామని వకీలు దగ్గరికి తీసుకుపోయాను.

"ముందునుంచి వాడుతున్నమని రాస్తే సరిపోదమ్మా. వాడినట్టు రుజువు గావాలె, తారీఖుతోని" అన్నాడాయన.

అత్త ఏనాడూ ఎవరికీ బిల్లు రాసివ్వలేదు. అప్పుడు నేనో తెలివితక్కువ పని చేశాను. కొత్త సంచి మీద అచ్చు వేసి, చాయ్ డికాషన్‌లో ముంచి, బండకేసి రుద్ది పాతదానిలా తయారుచేశాను. అత్త దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిది చాయ్ వాసనొస్తాంది బిడ్డా. తుమ్ము ఏది?"

"ఆఫీసోళ్లు వాసన జూడరత్తా."

"నేను జూస్త గదనే. నా రోకలిని నాదని చెప్పనీకి అబద్ధమెందుకు?"

సంచిని ఆమె చేతిలోనే వదిలేశాను. ఆ సంగతి ఆమె ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. అందుకు ఇప్పటికీ ఆమెకు కృతజ్ఞురాలిని.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఒకరింట్లో మా సంచిలో చింతపండు, ఇంకొకరింట్లో కుట్టుమిషన్ సామాను. దేని మీదా తారీఖు లేదు. చివరికి ఒకావిడ కూతురి పెళ్లి ఆల్బం తీసింది. ఒక ఫొటోలో పెళ్లిపిల్లకు పసుపు రాస్తున్నారు. వెనక గోడ మేకుకు రోకలి బొమ్మ సంచి వేలాడుతోంది, ఫొటో మూలన తారీఖు ఉంది. అప్పటికి ఆ వ్యాపారి కొట్టే తెరవలేదు.

"పిల్ల మంచిగ పడ్డది. నా సంచి ఇంకా మంచిగ పడ్డది" అని అత్త మురిసిపోయింది.

ఆ ఫొటోతో పాటు ఆ పెళ్లింటివాళ్ల వాంగ్మూలం కూడా పెట్టాం. బొమ్మ అత్త పేరు మీదే రిజిస్టరైంది. కాగితం చదివి వినిపిస్తుంటే ఆమె మిరపకాయల తొడిమలు తీస్తూనే ఉంది. "నిన్న గూడ నాదే గదనే" అంది.

దినాలయ్యాక ఆమె వంటిల్లు సర్దుతుంటే మూలన ఒక సంచి కనిపించింది. మరకలు చూసి గుర్తుపట్టాను, నా చాయ్ సంచి. పారేయలేదు. ఇన్నేళ్లూ ఇంటి కారం అందులోనే పోసుకుంది. మూతి రెండు మడతలు, దారం ముడి ఆమె వేసిందే. విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

తుమ్మొచ్చింది. ఒకటి కాదు, వరుసగా మూడు.