ఆఁ అంటే అవునని కాదు

పోయిన మంగళవారం నా చెల్లెలు ప్రభువునందు నిద్రించింది. ఖరగ్‌పూర్‌లో నర్సుగా పనిచేసిన ఆమె చేతి మందు పుచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

నాకు గుర్తొచ్చేది ఒక మామూలు ఉదయం. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా అక్కాచెల్లెళ్ల ఇల్లు. నేను టీ వడగడుతున్నాను. ఆమె పిన్నులు పళ్ల మధ్య పట్టుకుని జడ ముడేసుకుంది. నా బీపీ మాత్ర గుప్పిట్లో పట్టుకుని వచ్చింది.

"నీ పేరేటి?"

"నీకు తెలీదేటే? నీకంటే ఆరేళ్లు ముందు పుట్టినాను."

"తెల్సు. అయినా చెప్పు."

ఇంటిపేరుతో సహా చెప్పినాను. అప్పుడు గుప్పిట విప్పింది. సైకిలెక్కి పూరీ గేట్ మీదుగా ఆసుపత్రికి వెళ్లిపోయింది.

ఈ అలవాటు వెనక ఒక తప్పుంది. మనవాళ్లు అవునన్నా ఆఁ అంటారు, వినబడకపోయినా ఆఁ అంటారు. ఆమె కొత్తగా నర్సయిన రోజుల్లో, వార్డులో ఒక చెవిటి పెద్దాయన్ని "అప్పారావు గారేనా?" అని అడిగింది. "ఆఁ" అన్నాడు. ఏటీ అని అడగడమే అది, పాపం. ఈమె షుగరు తగ్గించే సూది వేసేసింది. పక్క మంచం మీంచి అసలు అప్పారావు, "సిస్టరమ్మా, మరి నా సూదో?" అన్నాడు.

పరుగెత్తి డాక్టరుని పిలిచింది. గ్లూకోజు ఎక్కించారు. పెద్దాయన తేరుకునేదాకా మంచం పక్కనే నిలబడింది.

"ఊరుకో దీదీ, బాగానే ఉన్నాడు కదా. కాగితం మీద పెడితే ఉద్యోగం పోద్ది" అందట తోటి నర్సు. ఇంటికొచ్చాక నేనూ అదే అన్నాను. "దేవుడి దగ్గర ఒప్పుకో, చాలదా?"

"దేవుడికి ముందే తెల్సక్కా. తెలీనిది రేపు డ్యూటీకొచ్చే సిస్టరుకి."

జరిగింది రాసిచ్చింది. చివాట్లు తింది. ఉద్యోగం నిలబడింది. ఆ వార్డులో మళ్లీ ఎవరూ "ఫలానావారేనా" అని అడగలేదు. "మీ పేరేటి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగేవారు. చివరి రోజుల్లో ఆమె మంచం దగ్గరికొచ్చిన నర్సు కూడా పేరడిగింది. చెల్లెలు నవ్వింది.

సమాధి అయిన సాయంత్రం తమ్ముడు అన్నాడు, "అక్కా, ఆ సూది సంగతి రాయకు. పోయిన మనిషికి మచ్చెందుకు?"

"దాచమని ఒకసారి చెప్పినాను. రెండోసారి చెప్పలేన్రా."

మరదలు, "రాయండి వదినా" అంది. తమ్ముడు తలూపాడు. ఉన్నదున్నట్టు రాయాలనుకున్నాం. వాళ్లు వెళ్లిపోయారు.

ఇప్పుడు రోజూ ఉదయం మాత్ర గుప్పిట్లో పట్టుకుంటాను. ఖాళీ వంటింట్లో ఇంటిపేరుతో సహా నా పేరు పైకి చెప్పి, గుప్పిట విప్పుతాను.