వరసలో ఖాళీ

ఆఫీసులో అతన్ని అందరూ సున్నా అంటారు. తెలివి తక్కువై కాదు, లెక్క ఎక్కువై. జావా అనే కంప్యూటర్ భాషలో ఏ లిస్టయినా సున్నాతోనే మొదలవుతుందని నేర్చుకున్నప్పటి నుంచి, లోకంలో మిగతావాళ్ళంతా ఒకటి ఎక్కువ లెక్కపెడుతున్నట్టే అతనికి అనిపించేది. లిఫ్టులో మూడో అంతస్తు నొక్కమంటే "ఏ లెక్కలో?" అని అడిగే రకం. కోడ్ రాయడంలో మాత్రం దిట్ట. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు, అందరికంటే గట్టిగా నమ్మేదీ అతనే.

పెద్దాసుపత్రికి కుటుంబ ఆరోగ్య కార్డుల వెబ్‌సైటు చేసింది అతనే. ఇంట్లో ఎంతమంది ఉంటే ఫారంలో అన్ని వరసలు. ఒక్కో వరసలో పేరు, వయసు, చుట్టరికం. "ఇంకొకరిని చేర్చు" అనే బటన్ నొక్కితే కొత్త వరస పుడుతుంది, చివరనున్న ఇంటూ గుర్తు నొక్కితే పోతుంది. మొదట్లో అంకె వేయమని ఒక గడి పెట్టి, దానికి "వరస" అని పేరు రాశాడు. జనం అందులో అత్త, మరదలు, తోడల్లుడు అని నింపి పంపారు. జనానికి బుర్ర లేదని కొన్నాళ్ళు తిట్టుకుని ఆ గడి తీసేశాడు.

గడి పోయినా అంకె పోలేదు. పైకి కనిపించకుండా ప్రతి వరసకీ ఒక అంకె ఉంటుంది. ఫారం పంపగానే అటువైపు జావా ఆ అంకె చూసి, ఎవరి కుర్చీలో వాళ్ళని కూర్చోబెట్టినట్టు మనుషుల్ని లిస్టులో సర్దుతుంది. మధ్యలో ఎవరినైనా తీసేస్తే వెనకవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు ముందుకు జరగరు, జరపాలి. ఆ జరిపే పని, తనతోపాటు పనిచేసి తెరమీద పేజీ తయారుచేసినవాడిదని సున్నా వాదన. పేజీ తయారుచేసినవాడు ఉద్యోగం మానేసి హాయిగా ఉన్నాడు. అందుకని రెండో అంకె లేకుండా మూడో అంకె వచ్చినప్పుడల్లా జావా తన మర్యాద తాను పాటించి, రెండో కుర్చీలో ఒక ఖాళీ మనిషిని కూర్చోబెట్టేది. పేరు లేదు, వయసు లేదు, ఎవరికీ ఏమీ కాడు. అలాంటి మనిషికి ఆసుపత్రివాళ్ళు కార్డు అచ్చు వేయించి, రెండు ఫోటోలు తెచ్చుకోమని కబురు కూడా పంపారు.

ఆసుపత్రివాళ్ళు గోల పెట్టారు. ప్రతి పనినీ రేపటికి తోసే ప్రాజెక్టు పెద్దని ఆఫీసులో రేపు సార్ అంటారు. ఆయన కూడా ఆ పూట "ఈ ఖాళీ మనుషులు ఇవాళ్టి నుంచి నా కంటపడకూడదు" అన్నాడు. సున్నా టీ చల్లారేలోపు ఒక్క మాటతో పని తేల్చేశాడు. లిస్టు చదువుకుంటూ పోతుంటే ఖాళీ వరస తగిలిందా, బ్రేక్. అంటే, చదివింది చాలు, ఇక ఆగు. అంతే, ఖాళీ మనుషులు మాయం. ఆఫీసంతా శభాష్ అంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే కౌంటర్లో చదివి వినిపించడానికి ఒక వాక్యం కూడా సున్నా స్వహస్తాలతో రాసిచ్చాడు: "మీరు వివరాలు సరిగా నింపలేదు."

ఖాళీ వరస దగ్గర ఆగిపోతే, ఆ వెనక కూర్చున్నవాళ్ళ గతేమిటని ఎవరికీ తట్టలేదు. సున్నాకి అసలే తట్టలేదు.

సున్నా ఇంటి కార్డులో వరసగా సున్నా, భార్య, బాబాయి, పిన్ని. తల్లి పోయాక అతన్ని పెంచింది పిన్నే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి చదివించింది. ఈమధ్య రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మి, ఒక చొక్కాకి జేబు లోపలివైపు కుట్టిచ్చింది. కుట్టించుకున్నవాళ్ళు నవ్వి ఊరుకున్నారుగాని, పిన్ని ఆ రోజు అన్నం ముట్టలేదు. బాబాయి కిందటి చలికాలంలో పోయాడు. ఆయన వరస పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కింది సున్నాయే.

ఎట్టకేలకు పిన్నికి ఆపరేషన్ వంతు వచ్చింది. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే పేరు లేదు.

"మీ కార్డులో ఇద్దరే ఉన్నారండీ" అంది కౌంటర్ అమ్మాయి. ఆ పైన కంఠతా వచ్చిన వాక్యం అప్పజెప్పింది. "మీరు వివరాలు సరిగా నింపలేదు."

"అయితే నేనే ఏదో తప్పు చెప్పి ఉంటానమ్మా" అంది పిన్ని. "మావాడు చేసిన దాంట్లో తప్పుండదు."

సున్నా మనసులో వరసలు లెక్కపెట్టాడు. సున్నా, ఒకటి, ఖాళీ, మూడు. లెక్క కళ్ళముందు నిలబడింది. "సర్వర్ కొంచెం నెమ్మదిగా ఉన్నట్టుంది" అని గొణిగాడు.

"సర్వర్ బాగానే ఉంది సార్. ఇలాంటివి మాకు రోజూ వస్తాయి" అంది అమ్మాయి, గొంతు తగ్గించి. "ఇంట్లో ఎవరైనా పోయారా? వాళ్ళ పేరు మళ్ళీ ఎక్కించేయండి. వెనకవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చేస్తారు. అలా చాలామందిని బతికించాం. సాయంత్రంలోపు చేయాలి సుమండీ. ఇవాళ దాటితే మళ్ళీ వంతు వచ్చే ఏడాదికే."

మంచి ఉపాయమే. సున్నా వేలు ఫోన్ మీదకి వెళ్ళింది కూడా. పిన్ని అతని చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్ నాన్నా, మీ బాబాయి బతికున్నన్నాళ్ళూ నన్ను ఒక్కసారి ఆసుపత్రికి తీసుకొచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడాయన ఉన్నాడని రాస్తేగాని నన్ను చూడరా? అవసరం లేదు. గుడ్డిదాన్నయినా ఫరవాలేదు, పద ఇంటికి."

వరసలో వెనక నిలబడ్డవాళ్ళు కొందరు నవ్వారు, కొందరు నవ్వలేకపోయారు. సున్నా పిన్నిని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆఫీసుకి పరుగున వెళ్ళాడు.

"రేపు చూద్దాంలేవయ్యా" అన్నాడు రేపు సార్, విషయం వినకుండానే.

"రేపటికి మా పిన్ని వంతు పోతుంది సార్. తప్పు నాదే. బ్రేక్ అని రాశాను, కంటిన్యూ అని రాయాల్సింది. ఖాళీని దాటి ముందుకెళ్ళాలిగాని ఆగిపోకూడదు."

రేపు సార్ కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరగా వేశాడు. "తప్పు అనే మాట ఇక్కడ అన్నావు సరే, బయట అనకు. మార్చేసెయ్."

మార్చడానికి పట్టిన సేపటికంటే తలుపు వేయడానికి పట్టిన సేపే ఎక్కువ. కొత్త మాట పడగానే వెనక ఉండిపోయిన పేర్లు తెరమీదకి రావడం మొదలుపెట్టాయి. ఒకటా రెండా. ప్రతి పేరుకీ ముందు ఒక ఖాళీ. భర్త పోయిన ఇల్లు, కూతురు అత్తారింటికి వెళ్ళిన ఇల్లు, విడాకులైన ఇల్లు. ఎవరింట్లో మనిషి తగ్గితే వాళ్ళింట్లోనే ఇంకో మనిషిని తగ్గించిందన్నమాట అతని తెలివి. పిన్ని పేరు కూడా వచ్చింది. సాయంత్రం ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

పిన్ని కంటి కట్టు విప్పే రోజుకి ఆసుపత్రి గోడమీద ప్రకటన వెలిసింది: "కొత్త సౌకర్యం. కుటుంబంలో ఒకరు లేకపోయినా మిగిలినవారందరికీ వైద్యం." కింద రేపు సార్ సంతకం. పిన్ని కొత్త కళ్ళతో దాన్ని కూడబలుక్కుని చదివి, పొంగిపోయింది. వరండాలో ఉన్నవాళ్ళందరికీ వినిపించేలా, "ఇదంతా మావాడే చేశాడమ్మా!" అంది.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

పక్క బెంచీ మీదనుంచి ఒకామె లేచి సున్నా దగ్గరికి వచ్చింది. పక్కనే పదేళ్ళ కూతురు. పిల్ల మోచెయ్యి వంకరగా అతుక్కుని ఉంది.

"మా ఆయన పేరు తీసేశాక దీని పేరు రావట్లేదని రెండుసార్లు తిప్పి పంపారు బాబూ. బయట ఎవడి దగ్గరో కట్టు కట్టించాను. ఎముక మళ్ళీ విరిచి సరిచేస్తామంటున్నారు ఇప్పుడు. మీ పుణ్యమా అని లోపలికైనా రానిచ్చారు" అని రెండు చేతులూ జోడించింది. అమ్మని చూసి ఆ పిల్ల కూడా జోడించబోయింది. ఒక చెయ్యి సగం దూరమే వచ్చింది.

నేనే తప్పు చేశానమ్మా అనడానికి సున్నా నోరు తెరిచాడు. పిల్ల చేతివైపు చూశాడు. సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఎంత వినయమో చూడండి" అన్నారు వరండాలో ఎవరో.