ఫ్రీజర్ మంచు, చెల్లె జ్వరం

మిత్రులారా, ఈరోజు మా బిడ్డ ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచు తీస్తుంటే చూసి ఎంత సంబరపడ్డానో! మన చిన్నప్పుడు మందమర్రి బొగ్గుగని కాలనీలో ఒక్క ఇంజనీరు గారింట్లోనే ఫ్రిజ్ ఉండేది, గుర్తుందా?

ఒకరోజు చెల్లె ఒళ్లు జ్వరంతో కాలిపోతుంటే బాపు, అంటే మా నాన్న, నేను ఐసు కోసం అక్కడికే పరుగెత్తాం. ఫ్రీజర్ నిండా మంచు బిగుసుకుపోయింది, కింద నీళ్లు కారుతున్నాయి. వాళ్ల వంటాయన మంచును పొడవడానికి కత్తి ఎత్తాడు.

"జర ఆగు భాయ్! పొడిస్తే గొట్టం పగుల్తది. నీళ్లకు తొవ్వ ఇయ్యాలె" అన్నాడు బాపు. ఆయన బొగ్గుబాయిలో నీళ్లు తోడే పంపు మనిషి మరి!

స్విచ్ ఆపి, లోపల వేడినీళ్ల గిన్నె పెట్టి, నీళ్లు బయటికి పోయే, మూసుకుపోయిన రంధ్రంలో చీపురుపుల్ల ఆడించాడు. మంచు పెళ్లలుగా ఊడింది. ఇంజనీరు గారి భార్య అదంతా మాకే ఇచ్చారు.

గుడ్డలో చుట్టి చెల్లె నుదుట పెట్టాం. సాయంత్రానికి కళ్లు తెరిచి, "అవ్వా, ఆకలైతుందే, గట్క పెట్టు" అంది. మేం అవ్వ అని పిలిచే అమ్మ ఏడుస్తూ, నవ్వుతూ జొన్నగట్క వండేందుకు పొయ్యి ముట్టించింది.