అమ్మ కదిలే రైలు దిగిన రోజు

మొన్న దసరా సెలవుల్లో అమ్మను తీసుకుని ఊటీ కొండ రైలెక్కాను. బండి ఇంకా సరిగ్గా కొండ ఎక్కకముందే ఆవిరి ఇంజను పొగ కిటికీలోంచి లోపలికొచ్చింది. తడిసిన ఆకుల వాసనా, కాలిన నూనె వాసనా కలిసిన ఆ పొగ పీల్చినప్పటి నుంచి నాకు కూర్చుంటే లేవాలనీ, లేస్తే తల బయటపెట్టి చూడాలనీ ఒకటే ఆరాటం. నాకు పదేళ్ళప్పుడు ఇదే రైల్లో, ఇదే కాలంలో మేం ముగ్గురం వచ్చాం. మూడో మనిషి మా అమ్మమ్మ.

మాది చిల్లకల్లు. నాన్న లారీ డ్రైవరు, నెలలో నాలుగు రోజులే ఇంటిపట్టున ఉండేవాడు. రైలంటే నాకు తెలిసింది జగ్గయ్యపేటలో సిమెంటు మోసే గూడ్సుబళ్ళే. మనుషులెక్కే రైలు మా వైపు లేదు. పేట వెళ్ళినప్పుడల్లా పట్టాల దగ్గర నిలబడి, ఒక్క కిటికీ కూడా లేని ఆ పెట్టెలు ఎటుపోతాయో అని బెంగపడేదాన్ని. దసరా సెలవులంటే మాకు వానలు వెనకబట్టి, ఎండ తేటపడి, కాయలు పగిలి పత్తిచేలు తెల్లబడే రోజులు. వాకిట్లో పొయ్యి మీద తంపట వేసిన వేరుశెనక్కాయలు, చర్చిలో కోత పండగకు తెచ్చి కుప్పపోసిన గుమ్మడికాయలు, ప్రసంగం నడుస్తుంటే వెనక వరసలో మేమాడే అచ్చంగాయల చప్పుడు. అమ్మమ్మ మాత్రం ప్రార్థనలో కళ్ళు మూసుకుని కూడా కొంగు అంచు పోగులు పేనుతూనే ఉండేది. ఆవిడ చేతులు ఊరికే ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ నందిగామ హైస్కూల్లో టీచరు. అమ్మను చదివించింది అమ్మమ్మ కూలిపనే. అమ్మకు ఉద్యోగం వచ్చాక కూడా అమ్మమ్మ పత్తి తీతకు పోవడం మానలేదు. ఆ ఏడాది బస్సులో తోటి టీచరొకావిడ, "మీ అమ్మగారు మా చేలోనే పత్తి తీస్తున్నారండి, భలే చురుకు" అని నలుగురిలో అన్నదట. మెచ్చుకోలుగానే అని ఉంటుంది. అమ్మ ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా వాకిట్లోనే నిలబడి అడిగింది.

"నీకేం తక్కువ చేశానమ్మా? నలుగుర్లో తలెత్తుకోలేకపోయా."

అమ్మమ్మ ఒడిలోంచి పత్తి గింజ ఏరి పారేసింది. "సిగ్గయిందా నీకు?" అంది.

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇద్దరి మాటలూ నా ద్వారానే నడిచాయి: "మీ అమ్మమ్మను అన్నం తినమను", "తిన్నానని చెప్పు మీ అమ్మకి." పత్తి తీత జోరందుకునే వారానికే అమ్మ ఎల్టీసీ పెట్టి ఊటీకి టిక్కెట్లు తీసింది. అమ్మమ్మను చేనుకు దూరంగా ఉంచడానికే ఆ ప్రయాణమని నాకప్పుడు తెలియదు. నాకు కిటికీ ఉన్న రైలు దొరికింది, అంతే.

కొండ రైలుకు ఇంజను వెనక ఉండి పెట్టెల్ని పైకి నెట్టుకుపోతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలం గొంతులు చించుకున్నాం. అమ్మమ్మ మాత్రం లేచేది, కూర్చునేది, సంచి సర్దేది, మళ్ళీ విప్పేది. "ఈపాటికి మనోళ్ళు నాలుగు సాళ్ళు అవజేసుంటారు" అని కిటికీకి చెప్పేది. అమ్మ పుస్తకంలోంచి తలెత్తేది కాదు.

కూనూరు ఇంకా కొంత దూరం ఉందనగా, ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి ఒక చిన్న స్టేషన్లో బండి ఆగింది. పట్టాల అవతల వాలంతా తేయాకు తోట. నెత్తి మీంచి వీపుకు బుట్టలు వేలాడేసుకుని ఆడవాళ్ళు ఆకు గిల్లుతున్నారు. అమ్మమ్మ చటుక్కున దిగి అటు నడిచింది. నేనూ వెనకే పరిగెత్తాను. వాళ్ళది అరవం, ఈవిడది తెలుగు. అయినా ఒకామె చేత్తో చూపించింది: రెండాకులు, మధ్యన మొగ్గ. అమ్మమ్మ గిల్లింది. వాళ్ళు నవ్వారు, ఈవిడా నవ్వింది. ఊరు వదిలాక ఆవిడ నవ్వడం అదే మొదలు. ఆ సంతోషంలో బండి రెండుసార్లు కూత వేసినా మేం పట్టించుకోలేదు.

"అమ్మా! బండి కదులుతోంది!" పెట్టె తలుపు దగ్గర్నుంచి మా అమ్మ కేక.

తిరిగి చూస్తే రైలు పోతోంది. నడిచేంత వేగమే గాని, మేం వాలు మీద చాలా కిందికి దిగిపోయాం. ఇస్త్రీ చెదరకుండా చీర కట్టుకుని, బస్సు ఎక్కడానికి కూడా ఎవర్నీ తోసుకోని మా అమ్మ, ఆ కదిలే పెట్టెలోంచి దూకింది. మోకాళ్ళ మీద పడి లేచింది. మా సామాన్లతో రైలు మలుపు తిరిగింది.

అమ్మ కోప్పడలేదు. అమ్మమ్మ దగ్గరికొచ్చి, రొప్పుతూ, "నిన్నెక్కడ వెతుక్కోవాలమ్మా నేను?" అని చిన్నపిల్లలా ఏడ్చేసింది. అమ్మమ్మ తన కొంగుతో అమ్మ మోకాలి మట్టి తుడిచింది.

సామాను కూనూరులో దింపిస్తానని స్టేషన్ మాస్టరు ఫోన్ చేసి చెప్పాడు. ఆకు గిల్లడం చూపించినామే బస్సు రోడ్డుకు దారి చూపిస్తాననీ, తను ఆకు తూకానికి వెళ్ళేదాకా ఆగమనీ సైగ చేసింది. రెండు గంటలు. అమ్మ బండ మీద కూర్చుంది, లేచింది, అటూ ఇటూ తిరిగింది. కాసేపటికి చూద్దును కదా, అమ్మమ్మ పక్క సాలులో అమ్మ నిలబడి తనూ గిల్లుతోంది. చూపుడువేలూ బొటనవేలూ కలిపి, చూడకుండానే, టకటకా. అమ్మ చెయ్యి అలా ఆడటం నేనెన్నడూ చూడలేదు.

"నీ పన్నెండో ఏటే మానిపించా నిన్ను చేలోకి రాకుండా. చెయ్యి మర్చిపోలేదే" అంది అమ్మమ్మ.

"నువ్వు నేర్పిందేగా" అంది అమ్మ. ఆ గొడవయ్యాక, నేను మధ్యలో లేకుండా వాళ్ళు ఒకరికొకరు బదులు చెప్పుకున్న మొదటి మాటలవి.

ఊరికి తిరిగొచ్చాక వచ్చిన శనివారం, అమ్మ బస్సును అమ్మమ్మ పత్తి తీస్తున్న చేను దగ్గరే ఆపించి దిగింది. ఆ టీచరు చూస్తుండగానే అమ్మమ్మ దగ్గర దోసిలి పట్టి నీళ్ళు తాగి, ఇద్దరూ కలిసి నడిచి ఇంటికొచ్చారు.

అమ్మమ్మ పోయి పన్నెండేళ్ళయింది. ఆవిడ తీసిన చేలల్లో ఇప్పుడు సగం ప్లాట్ల రాళ్ళు, మిగతా సగంలో ఆటోల్లో ఎక్కడి నుంచో వచ్చే కూలీలు. కోత పండగకు గుమ్మడికాయలకు బదులు డబ్బు పెట్టిన కవర్లిస్తున్నారు. మొన్న బండి నీళ్ళకు ఆగినప్పుడు అమ్మా నేనూ తలుపు దగ్గరికెళ్ళి చూశాం. వాలు మీద ఒకే ఒక్క మనిషి, చేతిలో ఆకు కోసే మిషను, దాని రొద తప్ప మాటల్లేవు. అమ్మ దిగబోయి ఆగింది. ఎదుటి సీట్లో హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దావిడ మాటల్లో మాటగా అడిగింది.

"మీరు టీచరన్నారు కదా. మీ అమ్మగారు కూడా ఉద్యోగమేనాండి?"

"కాదండి, కూలిపని. పత్తి తీసేది" అంది అమ్మ. "మా వైపు ఆవిడంత చురుగ్గా తీసేవాళ్ళు లేరు."