కెమెరాకు కాటుక చుక్క

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ ముందు గదే నా స్టూడియో. మా ఆయన డ్యూటీకి వెళ్లాక మంచం ఓ పక్కకు నెట్టి, గోడకు తెల్ల దుప్పటి కట్టి, కడుపుతో ఉన్న ఆడవాళ్లకు ఫొటోలు తీస్తాను. పొద్దున పూట ఆ కిటికీలోంచి వచ్చే వెలుగు ముందు ఏ ఖరీదైన లైటూ పనికిరాదు. నా గొప్ప కాదు, కిటికీ గొప్పే.

పోయిన చలికాలంలో మా ఊళ్లోనే మలంచా పేట నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఎనిమిదో నెల. వెనకాలే అత్తగారు, మొహం ముడుచుకుని. కడుపుతో ఉన్న మనిషికి ఫొటో తీస్తే దిష్టి తగులుతుందని ఆవిడ భయం.

"వద్దంటే ఇనదు. నానేటి సెయ్యనమ్మా" అంటూ కుర్చీలో కూలబడింది.

కూర్చుని ఊరుకుంటే బాగానే ఉండేది. నేను పొట్ట కనబడేలా కొంగు జరపడం, ఆవిడ లేచి వచ్చి మళ్లీ కప్పెయ్యడం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "పిన్నీ, ఫొటో నేను తియ్యనా, నువ్వు తీస్తావా?" అని కెమెరా ఆవిడ చేతిలో పెట్టేశాను.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సంచీలోంచి కాటుక డబ్బీ తీసింది. "సూసేది ఇదే కదా. సుక్క దీనికే పెట్టాల" అని వేలు సరాసరి లెన్సు మీదకే తెచ్చింది.

"అద్దం మీద మాత్రం వద్దు పిన్నీ, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలుకుంటే, పక్కన దిట్టంగా ఓ చుక్క పెట్టి, "ఠీక్ హై, ఇప్పుడు తియ్యి" అంది. నవ్వొచ్చింది గానీ, ఆవిడంటే ముచ్చట కూడా వేసింది. అంత భయంలోనూ కోడలి కోరిక తీరే దారి తనే వెతికింది మరి.

కోడలు మాత్రం నవ్వలేదు. కొంచెం నవ్వమ్మా అన్నాను.

"నవ్వు రాకపోయినా తియ్యక్కా. ముందు ఇద్దరు కడుపులోనే పోయినారు. ఒక్క ఫొటో కూడా లేదు. అందరూ దీన్నే తొలిచూలు అంటన్నారు. ఈసారి ఏటైనా అవనీ, నాను మోసినానని కనబడాల."

ఇద్దర్ని పోగొట్టుకుని, ఎనిమిదో నెలలో నేనైతే ఇల్లు కదిలేదాన్ని కాదు. ఈ పిల్ల అంత దిగులూ లోపల పెట్టుకుని, ఆటోలో గతుకులన్నీ ఓర్చుకుని వచ్చి, కిటికీ వైపు తిరిగి నిటారుగా నిలబడింది. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

అత్తగారు మళ్లీ లేచింది. కొంగు కప్పడానికేనని నేను విసుక్కోబోయాను. ఆవిడ ఆ కొంగు తన చేత్తోనే పక్కకు తీసింది. కోడలి పొట్ట మీద అరచెయ్యి ఆనించి పక్కన నిలబడింది.

"నన్నూ కలిపి తియ్యమ్మా" అంది నాతో. తర్వాత కోడలి వైపు తిరిగి, నెమ్మదిగా, "ఇకమీద ఎవులడిగినా, మా కోడలికి ఇది మూడోదని నానే సెప్తాను" అంది.