గుడివాడకి రేవతి పెట్టిన గుర్తు

పున్నమ్మ కూతురు రేవతికి పుట్టుచెవుడు, మాటా రాలేదు. ఇరవై రెండేళ్ళుగా తల్లీకూతుళ్ళకి సైగలే మాటలు. అవి ఏ బడిలోనూ నేర్చినవి కావు. పొయ్యి దగ్గరా, చేపలు ఎండేసే ఇసుకలోనూ వాటంతటవే పుట్టాయి. బందరంటే అరచేతుల మధ్య లడ్డు చుట్టడం. గుడివాడంటే మోచేతులు రెండూ రైలు చక్రాల్లా ఆడించడం. చిన్నప్పుడు ఒక్కసారి రైల్లో తీసుకెళ్ళింది పున్నమ్మ. ఆ సంబరం పిల్ల చేతుల్లో అలా ఉండిపోయింది.

పల్లెలో ఎవరి వల చిరిగినా తెచ్చి రేవతి ముందే పడేసేవారు. ఆమె వేసిన ముడి జారిందన్న మాట ఎవరి నోటా రాలేదు.

తొంభై ఎనిమిదిలో సంబంధం వచ్చింది. అబ్బాయి దుర్గారావు, పామర్రులో టైలరు. పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది కానీ మనిషి నెమ్మదస్తుడు. రేవతి బాగుచేసిన వల ఒళ్ళోకి తీసుకుని, ముడి తడిమి చూసి నవ్వాడు. రేవతీ నవ్వింది. సంతోషానికి పున్నమ్మకి ఆ పూట అన్నం దిగలేదు.

పెత్తనమంతా అతని అక్క రాజకుమారిది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఒక్కమాట అత్తా. పిల్లకి ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించెయ్యి. తాంబూలాలు ఆ తర్వాతే."

"అదేంటమ్మా, పెళ్ళి కాకుండానే?"

"మరి? కుంటికాలూ మూగనోరూ కలిసి ఏం కంటాయో ఏమో! వీళ్ళిద్దర్నీ చూసుకోడానికే నా నడుం పడిపోద్ది. మూడోదాన్ని కూడా నా నెత్తినే పెడతావా?"

పున్నమ్మ కాదనలేకపోయింది. వీధిలో పిల్లలు "మూగీ" అంటూ వెనకనించి రాళ్ళు విసిరిన రోజులు తను చూసింది. ఇంకో పసిదానికి ఆ బతుకెందుకనుకుంది. కూతురికి మాత్రం మోచేతులు ఆడించి చూపించింది, అంతే. రేవతి కొత్త చీర కట్టుకుని బయల్దేరింది. దారి పొడుగునా కిటికీ వదల్లేదు.

గుడివాడలో డాక్టరమ్మ అంతా విన్నది.

"చెవిటి పిల్లలే పుడతారని ఎవరు చెప్పారమ్మా? నీకూ నీ మొగుడికీ బాగానే వినపడుద్దిగా?"

"ఆయనున్నన్నాళ్ళూ బాగానే వినపడేదండీ. నాకూ అంతే."

"అయినా ఈ పిల్ల పుట్టింది. అలాగే ఈమెకి వినే పిల్లలు పుట్టొచ్చు. అబ్బాయిది పోలియో అంటున్నావు, అది వంశాన వచ్చేది కాదు. సరే, ఏం చెయ్యమని తీసుకొచ్చావో అమ్మాయికి తెలుసా?"

పున్నమ్మ తల దించుకుంది.

"ముందు ఆమెకి చెప్పు. ఆమె సరే అనకుండా నేను చెయ్యి వెయ్యను."

వరండాలో బల్ల మీద కూర్చుని పున్నమ్మ చేతులు ఉయ్యాలలా ఊపింది. తర్వాత అరచెయ్యి అడ్డంగా ఆడించింది, వద్దని. రేవతికి ఒక పట్టాన అర్థం కాలేదు. మళ్ళీ చేసి చూపించింది. ఈసారి పిల్ల మొహం నల్లబడిపోయింది. అప్పుడు తల్లి పొట్ట మీద వేలు పెట్టింది. ఆ వేలే తన చెవికి తాకించి, గుండెల మీద పెట్టుకుంది. చేతులు ఉయ్యాలలా ఊపి, అరచెయ్యి అడ్డంగా ఆడించి, తల్లి కళ్ళలోకి చూసింది.

ఇలా పుడతానని ముందే తెలిస్తే నన్నూ వద్దనేదానివా, అని.

పున్నమ్మ కూతురి మణికట్టు పట్టుకుని లేచింది. డాక్టరమ్మకి చెప్పకుండానే స్టేషన్‌కి నడిచింది.

సంబంధం తప్పిపోయింది. దుర్గారావు అక్కకి ఎదురు చెప్పలేకపోయాడు. ఏడాది తిరక్కుండా అతనికి వేరే పెళ్ళయింది. "చేతికొచ్చినదాన్ని కాలదన్నుకుందిరా ముసల్ది" అన్నారు పల్లెలో. ఆ మాటలు పున్నమ్మ పడింది, ఓర్చుకుంది. పిల్లని ఆ బల్ల దాకా నడిపించుకెళ్ళానే అన్నది మాత్రం ఆమెకి మింగుడుపడలేదు.

రేవతి వలలు బాగుచేస్తూనే ఉంది. గుడివాడ ప్రస్తావన వస్తే మోచేతులు ఆడించడం మానేసింది. చేతులు ఉయ్యాలలా పట్టి, ఒక ఊపు ఊపి వదిలేస్తుంది. రేవతికి ఇప్పుడు ఆ ఊరి పేరు అదే. ఆ చేతులు లేవగానే పున్నమ్మ ఎండు చేపల వైపు తిరిగి, తిరగేసినవే మళ్ళీ తిరగేస్తుంది.